ముఖం లేని ఫొటో, పేరు లేని పని

(చెన్నేకొత్తపల్లిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



'మాధ్యమాలు - స్త్రీలు' అన్న అంశం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ అంశం మీద మీరు చాలా ప్రసంగాలే విని ఉంటారు. ప్రకటనల్లో స్త్రీ, సినిమాల్లో స్త్రీ, టీవీ సీరియళ్లలో స్త్రీ. వాటి గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. అందుకని చాలా దూరంగా కనిపించే చోటి నుంచి మొదలుపెడతాను. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన రోజుల్లో యూరప్‌లో కొందరు కళాకారులు, మనిషి గానీ ఇల్లు గానీ చెట్టు గానీ పోల్చుకోవడానికి వీల్లేని నలుపు తెలుపు ఫొటోలు తీయడం మొదలుపెట్టారు. అన్నీ గీతలు, నీడలు, వెలుతురు మచ్చలు. వాటిని అమూర్త ఛాయాచిత్రాలు అంటున్నాం. కూలి రేట్లు, పొదుపు సంఘాలు, ఎండిపోయిన బోర్లు మాట్లాడుకునే చోట ఈ నీడలతో మనకేం పని అని మీకు అనిపించవచ్చు. పని ఉందనే నా అభిప్రాయం. మన సంస్థల నివేదికల్లో ఎవరి ముఖం వేస్తున్నాం, ఎవరి పేరు వేయడం లేదు అన్న ప్రశ్నకు నేను ఈ దారి నుంచే వచ్చాను.

ఈ ఫొటోల్లో ఒక రకానికి కెమెరాయే అక్కర్లేదు. దాన్ని ఫొటోగ్రామ్ అంటారు. చీకటి గదిలో కాంతికి నల్లబడే కాగితం పరుస్తారు. దానిమీద ఒక ఆకో, దువ్వెనో, దారపు ఉండో పెడతారు. క్షణంపాటు దీపం వెలిగించి ఆర్పుతారు. ఆ కాగితాన్ని రసాయనాల్లో ముంచి తీస్తే వెలుతురు తగిలిన మేర నల్లగా, వస్తువు అడ్డం వచ్చిన మేర తెల్లగా మిగులుతుంది. గాజు వస్తువయితే వెలుతురు కొంత లోపల్నుంచి పోతుంది కాబట్టి బూడిదరంగు ఛాయలు కూడా వస్తాయి. ఈ ప్రాంతం వాళ్లకు దీన్ని వివరించడం చాలా తేలిక. ఇక్కడికి దగ్గర్లోనే, ధర్మవరం మండలం నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేస్తారు. దీపానికీ తెరకూ మధ్య ఒక వస్తువు, తెరమీద దాని నీడ, అంతే. తోలుబొమ్మ నీడ ఆట ముగియగానే పోతుంది, ఫొటోగ్రామ్ నీడ కాగితం మీద నిలిచిపోతుంది. (ఇంకో తేడా కూడా ఉంది. మన తోలుబొమ్మది రంగుల నీడ. పలచగా గీకిన తోలులోంచి దీపం వెలుగు రంగులుగా తెరమీద పడుతుంది. ఒడిశా రావణఛాయలో మాత్రం నీడ నల్లగానే ఉంటుంది.)

ఈ పద్ధతికి ఎవరెవరు ఏ పేర్లు పెట్టారో చూడండి. 1919లో క్రిస్టియన్ షాడ్ అనే జర్మన్ చిత్రకారుడు జెనీవాలో ఇలాంటివి చేశాడు, వాటికి షాడోగ్రాఫులని పేరు స్థిరపడింది. 1922లో పారిస్‌లో మాన్ రే మొదలుపెట్టి రేయోగ్రాఫులని తన పేరే పెట్టుకున్నాడు. వీళ్లిద్దరికంటే ముప్పావు శతాబ్దం ముందు, 1843లో, ఇంగ్లండ్‌లో ఆనా అట్కిన్స్ అనే స్త్రీ సముద్రపు నాచు మొక్కల్ని రసాయనం పూసిన కాగితాల మీద పెట్టి, ఎండలో ఉంచి, నీలం రంగు ముద్రలు తీసి పుస్తకంగా కూర్చింది. ఫొటోలతో వచ్చిన మొదటి పుస్తకం అదేనని చరిత్రకారులు చెబుతారు. ఆమె దానికి తన పేరు పెట్టుకోలేదు. ముందుమాట కింద ఎ.ఎ. అని పొడి అక్షరాలు మాత్రం వేసింది. ఆమె పోయాక ఒక పండితుడు ఆ అక్షరాలకు 'అనామక అమెచ్యూర్' అని అర్థం చెప్పుకున్నాడు! మగవాళ్ల పేరు పనికి పేరైపోయింది, ఆడమనిషి పేరు చివరికి 'అనామక' అయింది.

కానీ ఆనా అట్కిన్స్ స్థితిమంతుల బిడ్డ. తన పేరును తానే దాచుకుంది. పేరు దక్కాలని కోరి, దానికోసం పోరాడవలసి వచ్చిన మనిషి వేరే ఉంది. ఆమె లూసియా మొహోలీ. ఆమె సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

లూసియా 1894లో ప్రాగ్‌లో పుట్టింది. 1921లో లాస్లో మొహోలీ-నాగీ అనే హంగేరియన్ చిత్రకారుణ్ణి పెళ్లి చేసుకుంది. వాళ్లిద్దరూ 1922లో ఫొటోగ్రామ్‌లు మొదలుపెట్టారు. 1923లో భర్తకు జర్మనీలోని బౌహౌస్ అనే కళాశాలలో ఉద్యోగం వచ్చింది. ఆధునిక కట్టడాలు, కుర్చీలు, అక్షరాల రూపాలు ఇవాళ ఇలా ఉన్నాయంటే అందులో ఆ కళాశాల చేయి పెద్దది. భర్తకు జీతం, హోదా ఉన్నాయి. లూసియాకు ఏ ఉద్యోగమూ లేదు. ఫొటోగ్రఫీలో శిక్షణ పొందింది ఆమె, డార్క్‌రూమ్ పని తెలిసింది ఆమెకు. ఆ కళాశాల భవనాలు, అక్కడ తయారైన వస్తువులు, అక్కడి మనుషులు ఇవాళ మనకు ఏ పుస్తకంలో కనిపించినా, వాటిలో ఎక్కువ భాగం ఆమె తీసిన ఫొటోలే. ఫొటోగ్రామ్‌ల పక్కనా, వాటి సిద్ధాంతం చెప్పిన వ్యాసాల పక్కనా మాత్రం భర్త పేరే మిగిలింది. ఆ ఆలోచనలు ఇద్దరూ కలిసి చేసినవని ఆమె 1972లో ఒక చిన్న పుస్తకం రాసి మరీ చెప్పుకోవలసి వచ్చింది. అప్పటికి ఆమెకు 78 ఏళ్లు.

ఇంతవరకూ మనకు తెలియని కథేమీ కాదు. అసలు సంగతి తర్వాత జరిగింది. 1933లో హిట్లర్ అధికారానికి వచ్చాడు. అప్పటికి ఆమె భర్తతో విడిపోయి బెర్లిన్‌లో ఉంటోంది. ఆమె సహచరుడు కమ్యూనిస్టు నాయకుడు, అతణ్ణి ఆమె ఇంట్లోనే అరెస్టు చేశారు. ఆమె యూదు కుటుంబంలో పుట్టిన మనిషి. కట్టుబట్టలతో దేశం విడిచి వెళ్లింది. అప్పటి నెగెటివ్‌లు గాజు పలకలు, సంచిలో వేసుకుని పారిపోయేవి కావు. దాదాపు 560 పలకలు వెనకే ఉండిపోయాయి. అవి చివరికి బౌహౌస్ స్థాపకుడు వాల్టర్ గ్రోపియస్ దగ్గరికి చేరాయి, ఆయనతో అమెరికా వెళ్లాయి. 1938లో న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియంలో బౌహౌస్ మీద పెద్ద ప్రదర్శన జరిగింది, పుస్తకం వచ్చింది. ఆమె ఫొటోలు బోలెడు అందులో ఉన్నాయి, ఆమె పేరు వాటి కింద లేదు. ఆమె లండన్‌లో శరణార్థిగా బతుకుతూ, ఆ పలకలు ఏమయ్యాయో తెలియక, పోయాయేమో అనుకుంటూ ఉంది. అవి ఉన్నాయని తెలిశాక ఉత్తరాలు రాసింది, లాయర్‌ను పెట్టుకుంది. 1957లో 230 తిరిగి వచ్చాయి. మిగిలిన 330 జాడ లేదు. తన నెగెటివ్‌లకు ఆమె పట్టిక రాసుకుంది. 1989లో చనిపోయింది.

ఆమె మీద కక్షతో ఎవరూ ఇలా చేయలేదు. అదే ఇందులో గమనించవలసింది. పుస్తకాల్లో పేరున్న పెద్దమనుషులు, అభ్యుదయవాదులు, తామూ హిట్లర్‌కు దూరమై వెళ్లినవాళ్లు. ఆమె చేసింది 'పని' అని వాళ్లకు తోచలేదు. భర్తకు సాయం అనుకున్నారు, కళాశాలకు సేవ అనుకున్నారు.

ఈ చోట నాకు ధర్మవరం గుర్తుకొస్తుంది. పట్టుచీరల మగ్గాలున్న ఇళ్లలో నేను పరిశోధన కోసం తిరిగినప్పుడు 'మీ ఇంట్లో నేసేవాళ్లెందరు?' అని అడిగితే 'ఒకరు' అన్న జవాబే ఎక్కువ వచ్చేది. ఆ ఒకరు మగ్గం గుంటలో కూర్చున్న మగమనిషి. పట్టు తోడేదీ, కండెలు చుట్టేదీ, పాత పడుగు కొసకు కొత్త పడుగును పోగు పోగుగా అతికేదీ ఆడవాళ్లు. 'మీరేం చేస్తారమ్మా' అంటే 'నేనేం చేస్తాను, ఊరికే ఇంట్లో ఉంటా' అనేవాళ్లు, చేతిలో కండె తిరుగుతూ ఉండగానే. 2019-20 నాలుగో చేనేత గణన దేశంలో 35 లక్షల పైచిలుకు చేనేత కార్మికులను లెక్కపెట్టింది, వాళ్లలో ఎక్కువమంది స్త్రీలే. ఆ గణనలో కూడా 'నేత కార్మికులు', 'అనుబంధ కార్మికులు' అని రెండు గడులు ఉన్నాయి. లూసియా మొహోలీని ఏ గడిలో వేయాలని నన్నడిగితే, అనుబంధ కార్మికురాలని చెప్పాల్సి వస్తుంది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. బౌహౌస్ 1919లో తెరిచినప్పుడు మొదటి విడతలో 84 మంది స్త్రీలు, 79 మంది పురుషులు చేరారు. సమానత్వమని ముందు ప్రకటించారు. ఆడవాళ్లు ఇంతమంది వస్తారని అనుకోలేదు కాబోలు, త్వరలోనే వాళ్లను నేత విభాగం వైపు మళ్లించడం మొదలుపెట్టారు. నేత ఆడవాళ్ల పని, చేతిపని, భవన నిర్మాణమంత గొప్పది కాదు. ధర్మవరంలో లెక్క తలకిందులు. నేత మగవాళ్ల పని, అది విద్య, అది కులానికి గౌరవం. కండె చుట్టడం ఆడవాళ్ల పని, అందుకు పేరు లేదు. అదే మగ్గం, అవే పడుగు పేకలు. అక్కడ కిందిది ఇక్కడ పైది. కాబట్టి విలువ పనిలో లేదు, ఆ చోట ఎవరు కూర్చున్నారన్న దాంట్లో ఉంది. అక్కడ నేతకు మళ్లించిన గుంటా ష్టోల్జ్ల్, ఆనీ ఆల్బర్స్ లాంటివాళ్లు ఆ మగ్గాల మీద చేసిన అమూర్త రూపాలు ఇవాళ మ్యూజియాల్లో ఉన్నాయి. అది వాళ్ల గట్టితనం. దారి మళ్లించినవాళ్ల గొప్ప కాదు.

మన దేశంలో ఇలాంటి ఫొటోలు తీసిన స్త్రీ నస్రీన్ మొహమ్మదీ. 1937లో కరాచీలో పుట్టింది, లండన్‌లో, పారిస్‌లో చదివింది, 1972 నుంచి బరోడా కళాశాలలో పాఠాలు చెప్పింది, 1990లో చనిపోయింది. నరాల జబ్బు శరీరాన్ని స్వాధీనం తప్పిస్తున్నా వెంట్రుకవాసి గీతలతో బొమ్మలు గీసింది. అవి గాక ఆమె నలుపు తెలుపు ఫొటోలు తీసేది: ఫతేపూర్ సిక్రీ అరుగుల అంచులు, సముద్రం తీసిపోయిన ఇసుక, రోడ్డు మీద తెల్లచారలు, మగ్గం మీద బిగించిన దారాలు. బతికుండగా వాటిని ప్రదర్శనకు పెట్టలేదు. అవి తన చూపుకోసం తాను ఉంచుకున్నవి. ఆమె పోయిన పాతికేళ్లకు, 2016లో, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తన కొత్త విభాగాన్ని ఆమె ప్రదర్శనతో తెరిచింది.

ఆ మగ్గం ఫొటోలో దారాలున్నాయి, మనిషి లేదు. చాలా అందమైన ఫొటో. స్త్రీవాదిగా నాకు మొదట కలిగిన ప్రశ్న, ఇది కూడా పనిచేసే మనిషిని మాయం చేయడం కాదా అని. ఆ ప్రశ్నను నేను పుస్తకాల మధ్య కూర్చుని ఆలోచించాను గానీ, సగం జవాబు ధర్మవరంలో దొరికింది. ఒక ఇంట్లో పడుగును దగ్గరగా ఫొటో తీసి, నలుపు తెలుపులో పెద్దది చేయించి, తర్వాతిసారి వెళ్లినప్పుడు ఆ ఇంటావిడకు చూపించాను. నగరంలో నా మిత్రులకు అది వానధారలా, వీణ తీగల్లా కనిపించింది. ఆమె చేతిలోకి తీసుకుని ఒక్క క్షణం చూసి, 'ఈడ పోగు తెగిండాది సూడక్కా. ఎవురూ అతకనే లేదే' అంది. తర్వాత 'ఇది ఆ నెల వచ్చిన పట్టు. సన్నం. ఊరికే తెగుతాండె' అని ఆ పట్టు ఇచ్చిన షావుకారు సంగతీ, పోగు తెగినందుకు కూలిలో కోసిన సంగతీ చెప్పుకొచ్చింది.

కాబట్టి ఒక ఫొటో అమూర్తమా కాదా అన్నది ఫొటోలో మాత్రమే లేదు. చూసేవాళ్లు ఆ పనికి ఎంత దూరంలో ఉన్నారో దానిమీద కూడా ఉంది. మనకు గీతలుగా కనిపించినవి ఆమెకు లెక్కల పుస్తకం. ముఖం ఉన్న ఫొటో అయితే ఆమె తన ముఖం గురించి మాట్లాడేది, కొంగు సర్దుకోలేదని సిగ్గుపడేది. ముఖం లేని ఫొటో చూసి పని గురించి మాట్లాడింది.

ఇప్పుడు ముఖం సంగతికి వద్దాం. 1892లో హైదరాబాద్‌లో రాజా దీన్‌దయాళ్ స్త్రీలకోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచాడు. కెన్నీ-లెవిక్ అనే ఆమె దాన్ని నడిపేది. పరదా పాటించే సంపన్న స్త్రీలు పరాయి మగవాడి కంటపడకుండా ఫొటో దిగడానికి ఆ ఏర్పాటు. పరదాను నేను సమర్థించడం లేదు. ఎవరు తనను చూడాలో, చూడకూడదో నిర్ణయించుకునే వీలు ఆనాడు డబ్బున్న స్త్రీకి ఏదో ఒక రూపంలో ఉందని మాత్రమే అంటున్నాను. వేరుశనగ చేలో కలుపు తీసే స్త్రీకి ఆ వీలు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఎవరైనా కారు ఆపి, దిగి, ఫొటో తీసుకుని వెళ్లిపోవచ్చు. మన సంస్థల్లో కూడా 'లబ్ధిదారు' అని కింద రాసి, ఆమె బిడ్డతో సహా ముఖం వేస్తాం. దాతల ఫొటో కింద మాత్రం పేరు, హోదా ఉంటాయి.

ముఖం చూపకూడదని చట్టం చెప్పిన ఒక సందర్భం మీకు తెలుసు. హైదరాబాద్‌లో 1978 నాటి రమీజాబీ ఉదంతం, తర్వాత మథుర కేసు మీద దేశమంతా జరిగిన ఆందోళనల ఫలితంగా 1983లో శిక్షాస్మృతిని సవరించినప్పుడు 228ఏ సెక్షన్ వచ్చింది. అత్యాచారానికి గురైన స్త్రీని గుర్తుపట్టే వివరాలేవీ ప్రచురించకూడదు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అది 72వ సెక్షన్. మంచి చట్టం. దాన్ని పాటించడానికి పత్రికలు ఏం చేశాయి? మోకాళ్లలో తల దాచుకున్న ఒక నల్లని నీడబొమ్మను తయారుచేసి ప్రతి వార్త పక్కనా అదే వేస్తున్నాయి. ముఖం తీసేశారు, సిగ్గును ఉంచేశారు. సిగ్గుపడాల్సింది ఆమె అన్నట్టు. తప్పు నీడది కాదు, ఆ నీడకు ఎన్నుకున్న భంగిమది.

అమూర్తం కూడా అబద్ధమాడగలదు. అనంతపురం పేరుతో అచ్చయ్యే ఫొటోల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఏది? నెర్రెలిచ్చిన చెరువు. 2022లో జిల్లాను చీల్చాక మీ మండలం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది గానీ ఫొటో మాత్రం మారలేదు. నల్లని పగుళ్లు, తెల్లని మట్టి పెళ్లలు, పక్కాగా అమూర్త చిత్రమే. అందులో మనిషి లేదు కాబట్టి తప్పు చేసినవాళ్లూ లేరు. వందల అడుగులు దిగిన బోర్లు లేవు, ఒకే పంటకు ఇచ్చిన అప్పులు లేవు, బెంగళూరుకు వలసపోయినవాడి భార్య లేదు. కరువు ఆకాశం నుంచి పడినట్టు ఉంటుంది. ఈ ఊరి పక్కనే 1990లో టింబక్టు కలెక్టివ్ వాళ్లు 32 ఎకరాల బోడి నేల కొని, దాన్ని మళ్లీ పచ్చన చేయవచ్చునని చూపించారు. ఆ పని పగుళ్ల ఫొటోలో పట్టదు.

మనుషులు లేకుండా తీస్తేనే అమూర్తం అనుకోనక్కర్లేదు. టీనా మోడొట్టి అని ఇటలీలో పుట్టి, మెక్సికోలో పనిచేసిన ఫొటోగ్రాఫర్ ఉంది. 1926లో ఆమె తీసిన కార్మికుల ఊరేగింపు ఫొటోలో ఒక్క ముఖమూ లేదు. ఎత్తునుంచి తీసింది. వీధి నిండా గుండ్రని పెద్ద టోపీలు, ఎండలో తెల్లగా, కదులుతున్నట్టు. మనిషిని విడిగా పట్టుకుని దీనంగా చూపలేదు, గుంపు బలాన్ని ఆకారంగా చూపింది. పార మీద ఆనించిన కార్మికుడి చేతులు, బట్టలుతికే స్త్రీ చేతులు తీసింది. హిందూపురం వైపు పట్టుగూళ్లు ఉడికే వేడినీళ్లలో చేతులు పెట్టి పోగు తీసే ఆడవాళ్లను నేను చూసినప్పుడల్లా ఆ ఫొటోలు గుర్తొచ్చేవి. ఆ వేళ్ల చర్మాన్ని దగ్గరగా తీసి చూపితే కార్మిక శాఖ అధికారికి చెప్పాల్సిందంతా చెప్పినట్టే, ఆమె ఎవరో యజమానికి తెలియదు. మోడొట్టిని 1930లో మెక్సికో ప్రభుత్వం దేశం నుంచి వెళ్లగొట్టింది, తర్వాత ఆమె కెమెరా వదిలి రాజకీయాల్లోకి పూర్తిగా వెళ్లిపోయింది.

హక్కుల మాట కూడా చెప్పి ముగిస్తాను. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటోకు కర్త దాన్ని తీసిన వ్యక్తి. 17వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం వేరుగా లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్నవారు దానికి మొదటి యజమాని, ఉద్యోగంలో భాగంగా తీస్తే యాజమాన్యం. అంటే మీ సంస్థలో పనిచేస్తూ మీరు తీసిన ఫొటో మామూలుగా సంస్థదే. కానీ 57వ సెక్షన్ అనేది ఒకటి ఉంది. యాజమాన్యం చేతులు మారినా 'ఇది నేను తీసింది' అని చెప్పుకునే హక్కు కర్తకు మిగిలే ఉంటుంది. లూసియా మొహోలీ లాయర్‌ను పెట్టుకుంది పలకల కోసం, కానీ ఆమెకు దక్కకుండా పోయినవాటిలో ఈ హక్కు కూడా ఉంది. క్షేత్రస్థాయి కార్యకర్తలుగా మీరు సెల్‌ఫోన్లతో తీసిన ఫొటోలు మీ పేరు లేకుండా నివేదికల్లో ఎన్ని వచ్చాయో ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. ఇక ఫొటోలో ఉన్న స్త్రీకి ఈ చట్టంలో ఏ హక్కూ లేదు. ఆమెకు చట్టం ఇవ్వనిది మనం మన నియమాల్లో రాసుకోవచ్చు: వేసే ముందు ఆమెకు చూపించడం, వద్దంటే తీసేయడం, పేరు వేయమంటే పూర్తి పేరు వేయడం, ముఖం వద్దని పని చూపమంటే పని చూపడం. వద్దన్నందుకు అప్పు గానీ, పథకం గానీ ఆగదని ముందే చెప్పడం.

అనుమతి పత్రం మీద సంతకం రాని వాళ్లచేత వేలిముద్ర వేయిస్తాం. ఆ వేలిముద్ర కథ వినండి. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే దొర ఒక కాంట్రాక్టు కాగితం మీద రాజ్యధర్ కోనాయ్ అనే మనిషి చేతిముద్ర తీసుకున్నాడు, ప్రభుత్వ కాగితాల మీద ఆ పద్ధతి అలా మొదలైంది. ఆ దొర తండ్రి జాన్ హెర్షెల్, ఆనా అట్కిన్స్ వాడిన నీలిముద్ర పద్ధతిని 1842లో కనిపెట్టినవాడు. తండ్రి కనిపెట్టింది ఒక స్త్రీ చేతిలో పుస్తకమైంది, కొడుకు పట్టుకొచ్చింది మన ఆడవాళ్ల బొటనవేలికి సిరా అయింది.

భోజనాలయ్యాక బయట అరుగు మీద ఎండలో ఫొటో కాగితం పరుస్తాం. కండె, కొడవలి, గాజులు, వేపరొట్ట, ఏది కావాలంటే అది దానిమీద పెట్టి చూడండి, గంటలో ముద్ర పడుతుంది. ఎవరి కాగితం వెనక వాళ్ల పేరు ముందే రాసుకోండి, ఎండ తగిలాక కాగితాలన్నీ ఒకేలా కనిపిస్తాయి. మీ సంస్థల పాత నివేదికలు తెచ్చినవాళ్లు వాటిని ఆ బల్ల మీద పెట్టండి. ఫొటోల కింద ఏం రాసి ఉందో కలిసి చదువుదాం.